ముందు బాణం, తర్వాత లెక్క

పత్రికల్లో తరచూ ఒక వార్త కనిపిస్తుంది: ‘ఫలానా అధికారికి స్థానభ్రంశం’. అది చదివినవారెవరూ ఆయన బస్సులో వెళ్లారా, రైల్లో వెళ్లారా, దారిలో ఎన్ని మలుపులు తిరిగారు అని అడగరు. నిన్నటిదాకా ఎక్కడ ఉన్నారు, ఇకపై ఎక్కడ ఉంటారు అన్నదే వార్త. భౌతికశాస్త్రంలోని స్థానభ్రంశానికీ కావలసినవి ఆ రెండే: బయలుదేరిన చోటు, చేరిన చోటు. మధ్యలో నడిచిన నడక అంతా దూరం ఖాతాలోకి వెళ్తుంది.

ఇరవై రెండేళ్లుగా తొమ్మిదో తరగతి పిల్లలకు చలనం పాఠం చెబుతున్నాను. ఈ పాఠంలో తప్పు జవాబు రాసే పిల్లల్లో కూడికలు, తీసివేతలు రానివారు చాలా తక్కువ. తప్పు అంతకుముందే జరిగిపోతుంది. బయలుదేరిన చోటును, చేరిన చోటును గుర్తించకుండానే, లెక్కలో ఇచ్చిన అంకెలన్నిటినీ పట్టుకుని కూడడం మొదలుపెడతారు. అందుకే నా తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాం. స్థానభ్రంశం అన్న మాట కనబడగానే ముందు కాగితం మీద రెండు చుక్కలు పెట్టాలి. మొదటి చుక్క నుంచి రెండో చుక్కకు బాణం గీయాలి. ఆ తర్వాతే అంకెల జోలికి వెళ్లాలి.

పాఠం మొదలుపెట్టే రోజు నేను నల్లబల్ల మీద నిర్వచనం రాయను. అర మీటరు దారం ముక్క తీసుకుని నీళ్లలో తడుపుతాను. తడి దారం బల్లకు అతుక్కుని ఎలా పరిస్తే అలాగే ఉంటుంది. పొడి దారం వేలు తీయగానే జరిగిపోతుంది. మీరూ చేసి చూడండి. దారాన్ని మెలికలు మెలికలుగా పరచండి. ఒక కొస మొదలు, రెండో కొస చివర. ఇప్పుడు రెండు కొసల మధ్య స్కేలు పెట్టి తిన్నగా కొలవండి. మొన్న నేను పరిచినప్పుడు 18 సెంటీమీటర్లు వచ్చింది. దారం పొడవు 50 సెంటీమీటర్లు: అది దూరం. కొసల మధ్య 18 సెంటీమీటర్లు: అది స్థానభ్రంశం పరిమాణం.

ఇక ఒక కొసను వేలితో అదిమిపట్టి, రెండో కొసను మెల్లగా జరపండి. రెండు కొసలూ కలిసేలా ఉంగరంలా చుట్టితే స్కేలు మీద సున్నా. దారాన్ని బిగించి తిన్నగా లాగితే 50. ఎంత ప్రయత్నించినా 50 దాటదు, దాటాలంటే దారం తెగాలి. దారం పొడవు మాత్రం ఈ తతంగమంతటిలోనూ మారనే లేదు. స్థానభ్రంశం పరిమాణం దూరం కంటే ఎప్పుడూ ఎక్కువ కాజాలదు. తిన్నగా, వెనక్కి తిరగకుండా ప్రయాణిస్తేనే రెండూ సమానమవుతాయి. ఈ ఒక్క మాట గుర్తుంటే పరీక్షలో మీ జవాబును మీరే సరిచూసుకోవచ్చు. స్థానభ్రంశం 40 మీటర్లు, దూరం 30 మీటర్లు అని వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

బాణం ఎందుకంటే, స్థానభ్రంశానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంది. అది సదిశ రాశి. అదే దారం మీద చివరి నుంచి మొదటికి వస్తే అదే 18 సెంటీమీటర్లు, కానీ బాణం మొన అటు నుంచి ఇటు తిరుగుతుంది. అది వేరే స్థానభ్రంశం. దూరానికి దిశ లేదు, అది అదిశ రాశి. ‘18 సెంటీమీటర్లు’ అని ఆగిపోతే స్థానభ్రంశం జవాబు సగమే రాసినట్టు. ఏ వైపు అన్నది కూడా రాయాలి.

అన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది, ఒకే గీత మీది కదలిక. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. పొడవాటి వరండాలో నేల మీద సుద్దముక్కతో మీటరుకో గీత గీశామనుకోండి. గుమ్మం ఎదురుగా ఉన్న గీత సున్నా. కుడివైపు గీతలకు +1, +2, +3; ఎడమవైపు గీతలకు −1, −2, −3. ఏ వైపు ప్లస్ అన్నది మన ఇష్టం, కానీ ఒకసారి నిర్ణయించుకున్నాక లెక్క పూర్తయ్యేదాకా మార్చకూడదు. ఇప్పుడు ఒక అమ్మాయి +4 గీత మీద నిలబడి ఉంది. అక్కడి నుంచి +9 దాకా నడిచి, వెనక్కి తిరిగి, గుమ్మం దాటి −3 దాకా వచ్చి ఆగింది.

దూరానికి ఒక్కో విడతను విడిగా కొలిచి కూడాలి. +4 నుంచి +9కి 5 మీటర్లు. +9 నుంచి −3కి 12 మీటర్లు. మొత్తం 17 మీటర్లు. ఇక్కడ మైనస్ గుర్తుకు చోటు లేదు. ఏ వైపు నడిచినా అడుగు అడుగే.

స్థానభ్రంశానికి చివరి స్థానం నుంచి తొలి స్థానం తీసివేయాలి. −3 − (+4) = −7 మీటర్లు. అంటే ఎడమవైపుకు 7 మీటర్లు. ఆమె +9 దాకా వెళ్లిందన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. కనిపించకూడదు కూడా.

ఈ లెక్కకు నా దగ్గరికి వచ్చే తప్పు జవాబులు సాధారణంగా మూడు. కొందరు −3 అని రాస్తారు. అది ఆమె ఆగిన స్థానం, స్థానభ్రంశం కాదు. ఆమె సున్నా దగ్గర బయలుదేరి ఉంటే రెండూ ఒకటే అయ్యేవి. పుస్తకాల్లో ఉదాహరణలన్నీ సున్నా నుంచే మొదలవడం వల్ల ఈ పొరపాటు అలవాటుగా మారుతుంది. అందుకే నేను పనిగట్టుకుని +4 దగ్గర నిలబెడతాను. ఇంకొందరు 4 − (−3) అని తిరగేసి +7 రాస్తారు. చివరి నుంచి మొదలును తీసివేయాలి, మొదలు నుంచి చివరను కాదు. బాణం గీసి ఉంటే అది ఎడమవైపుకు చూస్తూ, జవాబు ప్లస్ కాదని వెంటనే చెప్పేస్తుంది. మూడో రకం వారు 7 అని మాత్రమే రాసి, గుర్తు వదిలేస్తారు. మూడింటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. లెక్కంతా సరిగ్గా చేసి, గుమ్మం దగ్గర జారవిడిచినట్టు ఉంటుంది.

ఈ నడకకు 10 సెకన్లు పట్టిందనుకుంటే సగటు వడి సెకనుకు 1.7 మీటర్లు, సగటు వేగం సెకనుకు −0.7 మీటర్లు. మాటల్లో వడి, వేగం ఒకటే అన్నట్టు వాడేస్తాం కానీ ఇక్కడ దూరాన్ని కాలంతో భాగిస్తే వడి, స్థానభ్రంశాన్ని కాలంతో భాగిస్తే వేగం. పై రెండు విషయాలు పట్టుబడితే ఇది వేరే పాఠం అనిపించదు.

ఇక నేల మీద నాలుగు దిక్కులా తిరిగినప్పుడు. ఒకరు తూర్పుకు 60 మీటర్లు, ఉత్తరానికి 90, పడమరకు 20, దక్షిణానికి 60 మీటర్లు నడిచారు. దూరం: 60 + 90 + 20 + 60 = 230 మీటర్లు. స్థానభ్రంశానికి తూర్పు, పడమరలను ఒక ఖాతాలో, ఉత్తర దక్షిణాలను ఇంకో ఖాతాలో వేయండి. తూర్పుకు 60, పడమరకు 20: నికరంగా తూర్పుకు 40. ఉత్తరానికి 90, దక్షిణానికి 60: నికరంగా ఉత్తరానికి 30. ఈ రెండూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి కాబట్టి, మనకు కావలసిన బాణం లంబకోణ త్రిభుజంలో కర్ణం. 40 వర్గం 1600, 30 వర్గం 900, మొత్తం 2500, వర్గమూలం 50. స్థానభ్రంశం పరిమాణం 50 మీటర్లు.

దిశ కోసం 30ని 40తో భాగిస్తే 0.75. లంబకోణ త్రిభుజంలో కోణానికి ఎదుటి భుజాన్ని పక్క భుజంతో భాగిస్తే వచ్చేది ఆ కోణం టాన్ విలువ; అది 0.75 ఉన్న కోణం సుమారు 37 డిగ్రీలు. కాబట్టి జవాబు: తూర్పు నుంచి ఉత్తరం వైపు 37 డిగ్రీల కోణంలో 50 మీటర్లు. ‘ఈశాన్యం’ అని రాస్తే సరిపోదు, ఈశాన్యం అంటే సరిగ్గా 45 డిగ్రీలు. రెండు ఖాతాలనూ కలిపేసి 40 + 30 = 70 అని రాసేవారూ ఉంటారు. తూర్పు 40ని ఉత్తరం 30తో నేరుగా కూడకూడదు; గళ్ల కాగితం మీద గీసి స్కేలుతో కొలిస్తే 70 రాదు, 50 వస్తుంది. పైథాగరస్ సిద్ధాంతం ఇంకా రాని పిల్లలకు నేను గళ్ల కాగితాన్నే ఇస్తాను. కొలిచి చెప్పిన జవాబు కూడా జవాబే.

ఇప్పుడు గోడ గడియారాన్ని కిందికి దించండి. నిమిషాల ముల్లు పొడవు 10 సెంటీమీటర్లు అనుకుందాం. గడియారం వెనకనున్న చక్రంతో ముల్లును 12 దగ్గర పెట్టి, మెల్లగా తిప్పుతూ ముల్లు మొనను గమనించండి. మొన గీసే వృత్తం చుట్టుకొలత 2 × 3.14 × 10 = 62.8 సెంటీమీటర్లు. ముల్లు 3 దగ్గరికి వచ్చేసరికి మొన నడిచిన దూరం అందులో నాలుగో వంతు, 15.7. స్థానభ్రంశం 12 నుంచి 3కి తిన్నని గీత: 10 వర్గం, 10 వర్గం కూడి వర్గమూలం తీస్తే 14.1. ముల్లు 6 దగ్గరికి వస్తే దూరం 31.4, స్థానభ్రంశం 20, అంటే వ్యాసం. ఇంకా తిప్పండి. 9 దగ్గర దూరం 47.1కి పెరిగింది, స్థానభ్రంశం మాత్రం 14.1కి తగ్గింది. మళ్లీ 12కి వచ్చేసరికి దూరం 62.8, స్థానభ్రంశం సున్నా. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

పిల్లలు గడియారాన్ని చేతిలోకి తీసుకుని తిప్పుతుంటే 6 దాటిన చోట ఒక క్షణం ఆగుతారు. అప్పటిదాకా రెండూ పెరుగుతూ వచ్చాయి. అక్కడి నుంచి ఒకటి పెరుగుతుంది, ఇంకొకటి తగ్గుతుంది. దూరం ఎన్నడూ తగ్గదు, స్థానభ్రంశం పెరగవచ్చు, తగ్గవచ్చు, సున్నా కావచ్చు అని నేను నోటితో చెప్పినదానికంటే, వేలితో తిప్పి చూసినది వాళ్లకు ఎక్కువ కాలం గుర్తుంటోంది. మధ్యలో ఏ కోణం దగ్గరైనా లెక్క కావాలంటే, తిరిగిన కోణంలో సగానికి సైన్ విలువ తీసుకుని వ్యాసంతో గుణించండి. ముల్లు 4 దగ్గర ఉంటే 120 డిగ్రీలు తిరిగింది, సగం 60, దాని సైన్ 0.866, స్థానభ్రంశం 17.3 సెంటీమీటర్లు.

ఇదే లెక్కను భూమికి పెట్టండి. సూర్యుడి నుంచి మనం సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నాం. ఆరు నెలల్లో భూమి నడిచేది సుమారు 47 కోట్ల కిలోమీటర్లు, స్థానభ్రంశం 30 కోట్లు. ఆ 30 కోట్ల కిలోమీటర్ల తిన్నని గీతకు ఖగోళశాస్త్రంలో గొప్ప విలువ ఉంది. దాని రెండు కొసల నుంచి చూసినప్పుడు దగ్గరి నక్షత్రం కొద్దిగా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. 1838లో జర్మన్ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్నీ అనే నక్షత్రం ఎంత దూరంలో ఉందో ఈ జరుగుబాటు ఆధారంగానే లెక్కగట్టాడు. ఆ కొలతకు భూమి నడిచిన వంపు దారి పొడవుతో పని లేదు, రెండు చోట్ల మధ్య తిన్నని గీతతోనే పని.

పరుగు పందాల మైదానంలో తిన్నని గీతలూ వంపులూ కలిసి ఉంటాయి. ప్రామాణికమైన 400 మీటర్ల మార్గంలో తిన్నని భాగాలు రెండూ 84.39 మీటర్ల చొప్పున ఉంటాయి. లోపలి అంచు వంపు వ్యాసార్ధం 36.5 మీటర్లు; కొలత మాత్రం ఆ అంచుకు 30 సెంటీమీటర్ల బయట తీసుకుంటారు, కాబట్టి లెక్కకు వ్యాసార్ధం 36.8. తిన్నని భాగం మొదట్లో బయలుదేరి, దాన్ని పూర్తిచేసి, ఒక వంపు తిరిగారనుకోండి. వంపు పొడవు 115.61 మీటర్లు. దూరం సరిగ్గా 200. ఇప్పుడు మీరు అవతలి తిన్నని భాగం మొదట్లో, బయలుదేరిన చోటికి ఐమూలగా ఉన్నారు. త్రిభుజం ఒక భుజం 84.39, రెండోది వంపు వ్యాసం 73.6. కర్ణం సుమారు 112 మీటర్లు. ఇంకో 200 మీటర్లు పరుగెత్తండి, స్థానభ్రంశం సున్నా.

ఈ రెండు రాశుల తేడా పరీక్ష కాగితంలోనే బతుకుతుందని అనుకునేవారికి మారథాన్ నియమం చెబుతాను. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. ప్రపంచ రికార్డుగా ఒప్పుకోవాలంటే, మొదలు, ముగింపు చోట్ల మధ్య తిన్నని గీత పందెం దూరంలో సగానికి మించకూడదు. అంటే స్థానభ్రంశం సుమారు 21.1 కిలోమీటర్లు దాటకూడదు. ముగింపు మొదలు కంటే మరీ పల్లంలోనూ ఉండకూడదు, కిలోమీటరుకు ఒక మీటరు లెక్కన మాత్రమే తగ్గుదల ఉండవచ్చు. 2011లో బోస్టన్ మారథాన్‌ను కెన్యా పరుగు వీరుడు జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో ముగించాడు. అప్పటిదాకా ఎవరూ అంత తక్కువ సమయంలో మారథాన్ పూర్తి చేయలేదు. అయినా అది ప్రపంచ రికార్డు కాలేదు. బోస్టన్ మార్గం దాదాపు ఒకే దిక్కుకు సాగుతుంది, పైగా పల్లానికి దిగుతుంది. రెండు నియమాలకూ అది లోబడదు. మొదటికి దగ్గరగా తిరిగి వచ్చే మార్గంలో, వెళ్లేటప్పుడు వెన్నుతట్టిన గాలి వచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. ఒకే దిక్కు మార్గంలో గాలి మొదటి నుంచి చివరి దాకా తోడు రావచ్చు. ఆ ఏడాది వీచింది వెనకగాలే. దూరం ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు, స్థానభ్రంశం చూస్తేనే కనబడుతుంది.

పై తరగతికి వెళ్లాక ఎదురయ్యే ఒక చిక్కు ఇక్కడే విప్పుకోవడం మంచిది. గమన సమీకరణాల్లో వచ్చే రాశి స్థానభ్రంశం, దూరం కాదు. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. 3 సెకన్లకు సమీకరణం (తొలి వేగం × కాలం − త్వరణంలో సగం × కాలం వర్గం) చెప్పేది: 20 × 3 − 5 × 9 = 15 మీటర్లు. చాలామంది బంతి 15 మీటర్లు ప్రయాణించిందని రాసేస్తారు. కానీ బంతి 2 సెకన్లలో 20 మీటర్లు ఎక్కి, మూడో సెకనులో 5 మీటర్లు దిగింది. దూరం 25. దూరం కావాలంటే బంతి ఎక్కడ వెనుదిరిగిందో ముందు కనిపెట్టి, లెక్కను అక్కడ రెండు ముక్కలు చేయాలి. వేగం సున్నా అయ్యే క్షణమే ఆ చోటు. ఇదే బంతిని మిద్దె అంచు నుంచి విసిరి, 5 సెకన్లకు నేల తాకిందనుకుంటే సమీకరణం −25 ఇస్తుంది: విసిరిన చోటికి 25 మీటర్ల కింద. దూరం 20 పైకి, 45 కిందికి, మొత్తం 65. వేగానికీ కాలానికీ గీసిన గ్రాఫులో కూడా ఇదే పద్ధతి: గీత కింది వైశాల్యాలను గుర్తులతో కూడితే స్థానభ్రంశం, గుర్తులు తీసేసి కూడితే దూరం.

ఒక ఏడాది వరండా లెక్క చేయించాక వెనక వరుసలోని ఒక అమ్మాయి లేచి అడిగింది: “మాస్టారూ, మైదానం చుట్టూ పది సార్లు పరుగెత్తినా స్థానభ్రంశం సున్నాయే కదా, మరి కాళ్లెందుకు నొప్పి పెడుతున్నాయి?” అంత మంచి ప్రశ్న నాకు ఆ ఏడాది ఇంకొకటి రాలేదు. కాళ్లు ప్రతి అడుగుకూ శక్తి ఖర్చు చేస్తాయి, అవి దూరాన్ని లెక్కపెడతాయి. బండి చక్రాల అరుగుదలా, ఇంధనం ఖర్చూ అంతే. అందుకే బండి మీటరు దూరాన్నే చూపిస్తుంది. గరుకు నేల మీద పెట్టెను ఈడ్చుకుంటూ గది చుట్టూ తిరిగి అదే మూలకు తెచ్చినా, ఘర్షణకు వ్యతిరేకంగా పని చేస్తూనే ఉన్నాం. కానీ అదే పెట్టెను మేడ మీదికి మెట్ల మీదుగా మోసినా, తాడుతో తిన్నగా లాగినా, గురుత్వాకర్షణ చేసే పని ఒకటే. అది ఎత్తులో తేడాను మాత్రమే చూస్తుంది, దారిని చూడదు. ఘర్షణ దారి పొడవును అడుగుతుంది, గురుత్వాకర్షణ రెండు కొసలను అడుగుతుంది. రెండు రాశులూ మనకు ఎందుకు కావాలో ఆ అమ్మాయి ప్రశ్న వల్లే నేను ఇంత సూటిగా చెప్పగలుగుతున్నాను.

మీరు నడిచిన దూరాన్ని ఫోను కూడా చిన్న చిన్న స్థానభ్రంశాల నుంచే లెక్కగడుతుంది. ఉపగ్రహాల సాయంతో కొద్ది కొద్ది సమయానికి మీరున్న చోటును గుర్తించి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి చిన్న తిన్నని గీతలు వేసి, వాటి పొడవులను కూడుతుంది. చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటే వంపు దారి వంపుగానే వస్తుంది. ఎడంగా ఉంటే మలుపులు కోసుకుపోయి దూరం తక్కువ చూపుతుంది. తడి దారం పక్కన సెంటీమీటరుకో చుక్క పెట్టి, చుక్కలను స్కేలుతో కలిపి కూడండి. తర్వాత ఐదు సెంటీమీటర్లకో చుక్క పెట్టి కూడండి. రెండోసారి మొత్తం తగ్గుతుంది. చుక్కలు రెండే మిగిలితే, అంటే మొదలూ చివరా మాత్రమే ఉంటే, చేతికి వచ్చేది స్థానభ్రంశం పరిమాణమే.

చివరిగా మీరు చేయవలసిన లెక్క ఒకటి. ప్రతి అంచూ 1 మీటరు ఉన్న ఘనాకారపు పెట్టె. దాని కింది మూల నుంచి, అన్నిటికంటే దూరాన ఉన్న పై మూలకు ఒక చీమ వెళ్లాలి. అంచుల వెంబడి వెళ్తే 3 మీటర్లు. పక్కపక్కనే ఉన్న రెండు ముఖాలను అట్టపెట్టె విప్పినట్టు చదునుగా పరిచి, వాటి మీదుగా ఐమూలగా గీత గీస్తే, చీమ నడవగల అతి దగ్గరి దారి 5 వర్గమూలం, సుమారు 2.24 మీటర్లు. స్థానభ్రంశం మాత్రం ఏ దారిన వెళ్లినా 3 వర్గమూలం, సుమారు 1.73 మీటర్లు. ఆ గీత పెట్టె లోపలి ఖాళీలోంచి పోతుంది; చీమ దాని మీద ఒక్క అడుగు కూడా వేయలేదు. రెండు చుక్కలు పెట్టి, ఆ బాణాన్ని పెట్టె బొమ్మలో మీరే గీయండి.